సుంకం సున్నా, గేటు మూత: తూర్పు ఆఫ్రికా కూటమిపై ఒక కేస్ స్టడీ

ఈ కేసు ఒక సబ్బుల ఫ్యాక్టరీది. ఉగాండా రాజధాని కంపాలా శివార్లలో ఉంటుంది. బట్టల సబ్బు, వంటనూనె తయారు చేసి ఉగాండాలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ అమ్ముతుంది. ఇప్పటికీ నా క్లయింటే కాబట్టి పేరు చెప్పను. నా పని కస్టమ్స్ కన్సల్టెన్సీ. ఏ సరుకు ఏ కోడ్ కిందికి వస్తుంది, సుంకం ఎంత, ఏ సర్టిఫికెట్ కావాలి, ఏ బోర్డర్ మీదుగా పంపితే తొందరగా దాటుతుంది, ఇవీ రోజూ నేను చూసే విషయాలు.

2019 ఫిబ్రవరి చివర్లో ఈ ఫ్యాక్టరీ లారీలు రువాండా సరిహద్దులో ఆగిపోయాయి. మళ్లీ ఆ దారి తెరుచుకున్నది 2022 జనవరి 31న. రెండు దేశాలూ ఒకే కూటమిలో సభ్యులు, సుంకం సున్నా, కాగితాల్లో ఒక్క తప్పు లేదు. అయినా దాదాపు మూడేళ్లు సరుకు కదల్లేదు. అది ఎందుకు జరిగింది, కూటమి ఏం చేయగలిగింది, ఏం చేయలేకపోయింది, మేమేం చేశాం అన్నది వివరంగా రాస్తున్నాను. ఈ ప్రాంతంలో వ్యాపారం పెట్టాలనుకునే మన తెలుగువాళ్లు ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. వాళ్లందరికీ నేను ముందు చెప్పేది ఈ కేసే.

కాగితం మీద

తూర్పు ఆఫ్రికా కమ్యూనిటీని ఇక్కడ అందరూ ఈఏసీ అంటారు. ఇప్పుడు ఎనిమిది దేశాలు: కెన్యా, ఉగాండా, టాంజానియా, రువాండా, బురుండి, దక్షిణ సూడాన్, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం, సోమాలియా. జనాభా 30 కోట్లు దాటుతుంది. ప్రధాన కార్యాలయం టాంజానియాలోని అరూషాలో. ఒప్పందం మీద సంతకాలు 1999 నవంబర్‌లో, అమల్లోకి వచ్చింది 2000 జులైలో. 2005లో కస్టమ్స్ యూనియన్ మొదలైంది, 2010లో ఉమ్మడి మార్కెట్. 2013లో ఉమ్మడి కరెన్సీకి కూడా సంతకాలు పెట్టారు. 2024కల్లా ఒకే నోటు చేతికి రావాలి. ఆ గడువును ఇప్పుడు 2031కి జరిపారు. అన్నిటికీ చివర రాజకీయ సమాఖ్య, అంటే ఒకే దేశంలా మారడం. ఒప్పందంలో రాసుకున్న గమ్యం అది.

ఇవన్నీ ఉత్త మాటలని కొట్టిపారేయడానికి లేదు. 2014 నుంచి అమలవుతున్న సింగిల్ కస్టమ్స్ టెరిటరీ నిజంగా పనిచేస్తుంది. అంతకుముందు కెన్యాలోని మొంబాసా రేవులో దిగిన కంటైనర్ కంపాలా చేరడానికి రెండు మూడు వారాలు పట్టడం మామూలే. ఇప్పుడు ఉగాండాకు కట్టాల్సిన సుంకం మొంబాసాలోనే కట్టేసి, ఎలక్ట్రానిక్ సీల్ వేసి పంపిస్తే చాలా తొందరగా వచ్చేస్తుంది. మలాబా, బుసియా, నమంగా లాంటి చోట్ల వన్ స్టాప్ బోర్డర్ పోస్టులు వచ్చాయి. డ్రైవర్ రెండు దేశాల అధికారుల దగ్గరికీ విడివిడిగా తిరగక్కర్లేదు, ఒకే భవనంలో పని అయిపోతుంది. ఈఏసీ ఆరిజిన్ సర్టిఫికెట్, అంటే సరుకు ఎక్కడ తయారైందో చెప్పే పత్రం, ఉంటే సభ్య దేశంలో తయారైన సరుకుకు దిగుమతి సుంకం లేదు. చిన్న వ్యాపారులకైతే 2,000 డాలర్ల లోపు సరుకుకు సరళమైన ఫారం ఒకటి ఉంది, బోర్డర్‌లోనే నింపి ఇస్తారు.

మా ఫ్యాక్టరీ సబ్బు రువాండాకు వెళ్లింది ఈ పద్ధతిలోనే. కంపాలా నుంచి మ్బరారా, కబాలె మీదుగా కతునా. అటువైపు అదే ఊరిని గతునా అంటారు. అక్కడి నుంచి రువాండా రాజధాని కిగాలీ ఎనభై కిలోమీటర్ల చిల్లర. సాయంత్రం ఫ్యాక్టరీలో లోడ్ చేస్తే మర్నాడు కిగాలీ గోడౌన్‌లో దించేవాళ్లు.

గేటు దగ్గర

ఆ రోజు డిస్పాచ్ చూసే కుర్రాడు ఫోన్ చేశాడు. గుంటూరు జిల్లావాడు, ఉద్యోగంలో కొత్త. "సార్, గతునాలో మన బండి వెనక్కి తిప్పమంటున్నారంట. కాగితాలు అసలు చూడను కూడా చూడలేదంట" అన్నాడు. సాధారణంగా ఇలాంటి ఫోన్ వస్తే కోడ్ తప్పు పడిందా, సర్టిఫికెట్ మీద సంతకం సరిపోలలేదా అని చూస్తాను. కాగితాలు చూడకుండానే తిప్పి పంపారంటే సమస్య మన ఫైల్లో లేదని అర్థం.

రువాండా కస్టమ్స్ ఇచ్చిన నోటీసులో కారణం ఇలా ఉంది: గతునాలో వన్ స్టాప్ బోర్డర్ పోస్టు నిర్మాణం పనులు వేగంగా పూర్తి చేయాలి, కాబట్టి పెద్ద లారీలు కగితుంబా వైపు నుంచి రావాలి. కగితుంబా అంటే తూర్పున ఉన్న మరో బోర్డర్, ఉగాండా వైపు దాన్ని మిరామా హిల్స్ అంటారు. చుట్టు తిరుగుడే గానీ తారు రోడ్డే. సరే, డీజిల్ ఖర్చు పెరుగుతుంది, ఒక రోజు అదనం, అంతేగా అనుకున్నారు ఫ్యాక్టరీవాళ్లు. లారీలు అటు మళ్లించారు.

అక్కడ అసలు సంగతి బయటపడింది. మొంబాసా నుంచి కిగాలీకి ఉగాండా మీదుగా పోయే ట్రాన్సిట్ కంటైనర్లను వదులుతున్నారు. ఉగాండాలో తయారైన సరుకును మాత్రం వదలడం లేదు. మా లారీ ముందు వరసలో ఉన్న కంటైనర్ చైనా సరుకుతో దర్జాగా దాటిపోయింది. ఈఏసీ ఆరిజిన్ సర్టిఫికెట్ ఉన్న సబ్బు ఆగిపోయింది. కూటమి సరుకుకు దొరకాల్సిన మర్యాద బయటి సరుకుకు దక్కింది. నిర్మాణం పనుల సాకు అక్కడితో తేలిపోయింది.

అదే సమయంలో రువాండా తన పౌరులను ఉగాండా వెళ్లొద్దని హెచ్చరించింది. కాలినడకన వెళ్లేవాళ్లను కూడా ఆపేశారు. కతునా చుట్టుపక్కల కొండల్లో ఒకే కుటుంబం రెండు వైపులా ఉండటం మామూలు విషయం. పెళ్లిళ్లకు, చావులకు, సంతకు అటూ ఇటూ నడిచి వెళ్లేవాళ్లు. వాళ్ల గురించి ఏ వాణిజ్య నివేదికా రాయదు. కబాలె బజారులో రువాండా కొనుగోలుదార్ల మీదే బతికిన దుకాణాలు వరసగా మూతపడటం మాత్రం నేను చూశాను.

అసలు గొడవ ఏమిటి

కిగాలీ మాట: ఉగాండా తమ పౌరులను పట్టుకుని చిత్రహింసలు పెడుతోంది, తమ ప్రభుత్వాన్ని కూల్చాలనుకునే గ్రూపులకు ఆశ్రయమిస్తోంది. కంపాలా మాట: రువాండా గూఢచారులు తమ దేశంలోకి చొరబడుతున్నారు. ఉగాండా అధ్యక్షుడు ముసెవెని, రువాండా అధ్యక్షుడు కగామె ఒకప్పుడు ఒకే పోరాటంలో కలిసి నడిచినవాళ్లు. ముసెవెనిని 1986లో అధికారంలోకి తెచ్చిన సైన్యంలో కగామె అధికారి. తర్వాత 1999, 2000లో కాంగోలోని కిసాంగానిలో ఆ రెండు దేశాల సైన్యాలే ఒకదానితో ఒకటి తలపడ్డాయి. ఈ తగాదాలో సబ్బుకు ఏ పాత్రా లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించారు, అంతే.

ఇక్కడ ఒక విషయం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. 2019 ఫిబ్రవరి 1న అరూషాలో జరిగిన శిఖరాగ్ర సమావేశంలో కూటమి అధ్యక్ష బాధ్యత తీసుకున్నది కగామె. అదే నెల చివర్లో గతునా మూతపడింది. అంటే కూటమి కుర్చీలో కూర్చున్న దేశమే కూటమి సరుకుకు తలుపు వేసింది. ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలి?

ఒప్పందం ప్రకారం దేశాధినేతలు ఏడాదికి ఒకసారైనా కలవాలి. ఆ తర్వాతి సాధారణ శిఖరాగ్ర సమావేశం జరిగింది 2021 ఫిబ్రవరిలో, అదీ వీడియోలో. కోవిడ్ అడ్డమొచ్చిందంటారు. నిజమే, కానీ 2019 నవంబర్ సమావేశం వాయిదా పడినప్పుడు కోవిడ్ ఇంకా లేదు.

రాజీ ప్రయత్నం జరిగింది, అయితే అరూషాలో కాదు. 2019 ఆగస్టులో ఇద్దరు అధ్యక్షులూ ఒప్పందం మీద సంతకం చేసింది అంగోలా రాజధాని లువాండాలో. మధ్యవర్తులు అంగోలా, కాంగో అధ్యక్షులు. అంగోలా ఈ కూటమిలో లేదు. కాంగో అప్పటికి ఇంకా చేరలేదు. ఇంట్లో తగువు తీర్చడానికి బయటివాళ్లే రావాల్సి వచ్చింది. 2020 ఫిబ్రవరిలో అదే కతునా గేటు దగ్గర ఇద్దరినీ కూర్చోబెట్టారు, ఫొటోలు వచ్చాయి. గేటు మాత్రం తెరుచుకోలేదు.

మేం ప్రయత్నించిన దారులు

మొదటిది సుంకేతర అడ్డంకుల ఫిర్యాదు. దీనికి 2017లో కూటమి ఒక చట్టమే చేసింది. ప్రతి దేశంలో ఒక కమిటీ ఉంటుంది, అక్కడ ఫిర్యాదు ఇస్తే రెండు దేశాల కమిటీలు మాట్లాడుకుంటాయి. తేలకపోతే మంత్రుల మండలికి పోతుంది. తూకాల గొడవ, స్టిక్కర్ల గొడవ, అనవసరపు ఫీజుల గొడవ లాంటివి ఈ దారిలో నిజంగా తీరతాయి. నేనే కొన్ని తీర్పించాను. కానీ ఈసారి మా ఫిర్యాదుకు వచ్చిన జవాబు ఒక్కటే: విషయం పై స్థాయిలో ఉంది. అధికారుల తప్పు కాదు. పై స్థాయి తేల్చనిదాన్ని వాళ్లు తేల్చలేరు.

రెండోది కోర్టు. అరూషాలోని తూర్పు ఆఫ్రికా న్యాయస్థానానికి మామూలు కంపెనీ కూడా నేరుగా వెళ్లొచ్చు. చాలా ప్రాంతీయ కోర్టుల్లో ఈ అవకాశం లేదు, ఇది ఈఏసీ గొప్పతనమే. దానికి పళ్లు లేవని కూడా అనలేం. కెన్యాలో తయారైన సిగరెట్ల మీద ఉగాండా వేరే ఎక్సైజ్ వేస్తే బ్రిటిష్ అమెరికన్ టొబాకో ఉగాండా కంపెనీ కేసు వేసింది, 2019 మార్చిలో గెలిచింది. సభ్య దేశపు సరుకును విదేశీ సరుకులా చూడటం ఒప్పందానికి విరుద్ధమని కోర్టు తేల్చింది.

మరి మేమెందుకు వెళ్లలేదు? మొదటి అడ్డు గడువు. ప్రభుత్వ చర్య జరిగిన లేదా తెలిసిన రోజు నుంచి రెండు నెలల్లో కేసు వేయాలి. ఆ రెండు నెలలూ అందరూ రేపో మాపో తెరుస్తారనే ఆశతోనే గడిపారు. అప్పటికి నోటీసులో ఉన్నది కూడా నిషేధం కాదు, దారి మళ్లింపు. రెండోది, గెలిచినా తీర్పును అమలు చేయించే యంత్రాంగం కూటమికి లేదు. నష్టపరిహారం వసూలు చేసుకోవాలన్నా ఆ దేశపు చట్టం ప్రకారం ఆ దేశంలోనే చేసుకోవాలి. మూడోది అసలు కారణం. కిగాలీలో మా క్లయింట్‌కు డిస్ట్రిబ్యూటర్ ఉన్నాడు, అతని దగ్గర రావాల్సిన బాకీ ఉంది. రువాండా ప్రభుత్వం మీద కేసు వేసిన కంపెనీ సరుకును అతను రేపు ఎలా అమ్ముతాడు? లాయర్ ఫీజు లెక్క వేసుకునే ముందు ఈ లెక్క వేసుకోవాలి. వద్దని నేనే సలహా ఇచ్చాను, ఇవాళ అడిగినా అదే చెబుతాను.

మూడో దారి టాంజానియా. కంపాలా నుంచి మసాకా, ముతుకులా మీదుగా టాంజానియాలోకి దిగి, విక్టోరియా సరస్సు పడమటి ఒడ్డున పోయి, రుసుమో వంతెన దగ్గర రువాండాలోకి ఎక్కడం. మ్యాపులో చూడ్డానికి బాగుంటుంది. లెక్క వేస్తే సబ్బు ధరను రవాణాయే మింగేస్తుంది. పైగా ఆరిజిన్ ఉగాండానే కదా, సర్టిఫికెట్ చూస్తే రుసుమోలో మాత్రం ఎందుకు వదులుతారు? కొందరు ఆరిజిన్ మార్చి పంపిస్తామని బేరాలు పెట్టారు. అలాంటి పనికి నా సంతకం ఉండదని క్లయింట్‌కు అప్పుడే తేల్చి చెప్పాను. సుంకం ఎగవేత కేసుగా మారితే అక్కడితో పోదు, కంపెనీకి ఉన్న మంచి పేరు, లైసెన్సు రెండూ పోతాయి.

ఈలోగా కిగాలీ షాపుల్లో ఖాళీ అయిన అరలు ఖాళీగా ఉండలేదు. టాంజానియాలోని దార్ ఎస్ సలాం రేవు నుంచి రుసుమో మీదుగా సరుకు రావడం పెరిగింది. రువాండాలోనే తయారీ పెంచారు. కొనేవాళ్లకు మా బ్రాండ్ మెల్లగా గుర్తు తప్పింది.

సరిహద్దు మూయకుండానే మూసే పద్ధతులు

గతునా అందరికీ కనబడిన కేసు. రోజువారీ పనిలో నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఇంకోటి: ఉమ్మడి సుంకం నిజంగా ఉమ్మడి కాకపోవడం.

బయటి దేశాల సరుకు మీద కూటమి అంతటా ఒకే సుంకం ఉండాలి. ముడి సరుకుకు సున్నా, సగం తయారైనదానికి 10 శాతం, పూర్తిగా తయారైనదానికి 25 శాతం. 2022 జులై నుంచి కొన్ని సరుకులకు 35 శాతం అని నాలుగో మెట్టు కూడా పెట్టారు. అంతవరకు బాగానే ఉంది. కానీ ప్రతి ఏటా జూన్ చివర బడ్జెట్ల వేళ అరూషా నుంచి ఒక గెజిట్ వస్తుంది. అందులో పేజీలకు పేజీలు మినహాయింపులే. ఫలానా దేశం ఫలానా సరుకు మీద ఉమ్మడి సుంకం కాకుండా ఏడాదిపాటు తన సొంత సుంకం వేసుకోవచ్చు అని. బియ్యమే తీసుకోండి. ఉమ్మడి సుంకం 75 శాతం లేదా టన్నుకు 345 డాలర్లు, ఏది ఎక్కువైతే అది. కెన్యా మాత్రం పాకిస్తాన్ బియ్యం మీద ఆధారపడుతుంది కాబట్టి 35 శాతం లేదా 200 డాలర్లు వేసుకుంటుంది. కెన్యా లెక్క కెన్యాకు ఉంది, వరి పండించే టాంజానియా రైతు లెక్క టాంజానియాకు ఉంది.

ఆ గెజిట్ వచ్చిన వారం మా ఆఫీసులో ఎవరికీ సెలవు ఉండదు. ఒక్కో క్లయింట్ వాడే ముడి సరుకు ఏ దేశానికి ఏ రేటుకు మారిందో చూసి, దాని మీద తయారైన వస్తువు ఆరిజిన్ నిలబడుతుందో లేదో మళ్లీ చూడాలి. ఎందుకంటే ఒక దేశం రాయితీ సుంకంతో ముడి సరుకు తెచ్చుకుని వస్తువు చేసి పక్క దేశానికి పంపితే, పక్క దేశం ఒప్పుకోదు, పూర్తి సుంకం కట్టమంటుంది. 2018లో కెన్యా చాక్లెట్లు, బిళ్లలు, ఐస్‌క్రీముల మీద టాంజానియా, ఉగాండా 25 శాతం వేసింది ఈ వాదనతోనే. వాటిలో వాడిన చక్కెరను కెన్యా సుంకం లేకుండా తెచ్చుకుందన్నారు. మా వంటనూనె మీద కూడా ఈ పేచీ ఎప్పుడూ ఉంటుంది. ముడి పామాయిల్ వచ్చేది మలేషియా, ఇండోనేషియాల నుంచి. దాన్ని ఎంత శుద్ధి చేస్తే ఈఏసీ సరుకు అయినట్టు? ఒక్కో బోర్డర్‌లో ఒక్కో అధికారికి ఒక్కో అభిప్రాయం. సబ్బుతో ఇంత గొడవ లేదు, అందుకే క్లయింట్‌కు ఎప్పుడూ రెండూ ఒకే బండిలో వేయొద్దని చెబుతాను. నూనె ఆగితే సబ్బు కూడా ఆగుతుంది.

తర్వాత నాణ్యత పేరుతో వచ్చే అడ్డంకులు. 2021 మార్చి 5న కెన్యా ఉన్నట్టుండి ఉగాండా, టాంజానియా మొక్కజొన్నను ఆపేసింది, అఫ్లటాక్సిన్ ఎక్కువుందని. అఫ్లటాక్సిన్ నిజమైన విషమే, కాలేయాన్ని తినేస్తుంది, దాని మీద పరీక్షలు ఉండాల్సిందే. కానీ లారీలు దారిలో ఉండగా రాత్రికి రాత్రి ఆపేయడం ఆరోగ్య విధానం కాదు. కొద్ది రోజులకే షరతులతో సడలించారు. అయినా లారీలు చాలాకాలం బారులు తీరే ఉన్నాయి. మే నెలలో టాంజానియా కొత్త అధ్యక్షురాలు సామియా సులుహు నైరోబీ వెళ్లాక, ఆ లారీలను రెండు వారాల్లో వదలమని కెన్యా అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టా అందరిముందూ ఆదేశించారు. సైన్సు సమస్య అయితే ల్యాబ్ తేల్చాలి. తేల్చింది మాత్రం ఇద్దరు అధ్యక్షుల స్నేహం. ఇలాంటప్పుడు మొక్కజొన్న వ్యాపారికి నేను ఏ నియమం చూపించి ధైర్యం చెప్పాలి?

బయటి ఒత్తిడి వస్తే కూటమి ఎలా చీలుతుందో రెండు ఉదంతాలు చాలు. 2016లో సెకండ్‌హ్యాండ్ బట్టల దిగుమతిని అంచెలంచెలుగా ఆపేసి సొంత నేత పరిశ్రమను లేపాలని అందరూ ఒప్పుకున్నారు. ఇక్కడ ఆ బట్టల్ని మిటుంబా అంటారు, ప్రతి ఊరి సంతలో గుట్టలుగా ఉంటాయి. అమెరికా వ్యాపారులు ఫిర్యాదు చేశారు, సుంకం లేకుండా అమెరికాకు ఎగుమతి చేసుకునే సౌకర్యం తీసేస్తామన్న బెదిరింపు వచ్చింది. కెన్యా ముందే తప్పుకుంది, ఉగాండా, టాంజానియా తర్వాత వెనక్కి తగ్గాయి. రువాండా ఒక్కటే కిలోకు 20 సెంట్ల నుంచి 2.50 డాలర్లకు పెంచిన సుంకం మీద నిలబడింది. 2018 జులైలో దాని దుస్తుల ఎగుమతులకు ఆ సౌకర్యం పోయింది.

రెండోది యూరోపియన్ యూనియన్‌తో ఒప్పందం. 2014లో చర్చలు ముగిశాయి, 2016లో కెన్యా, రువాండా సంతకం చేశాయి, టాంజానియా కుదరదంది. మిగతావన్నీ అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాల జాబితాలో ఉన్నాయి కాబట్టి ఎలాగూ సుంకం లేకుండా యూరప్‌కు అమ్ముకోవచ్చు. ఆ జాబితాలో లేనిది కెన్యా ఒక్కటే, గులాబీలు అమ్ముకోవాల్సిందీ అదే. చివరికి 2023 డిసెంబర్‌లో కెన్యా ఒంటరిగా సంతకం చేసింది, 2024 జులై 1 నుంచి అమలు. కస్టమ్స్ యూనియన్‌లో ఒక దేశం బయటివాళ్లకు విడిగా సుంకం తగ్గిస్తే ఉమ్మడి సుంకానికి అర్థమేమిటని అడిగేవాళ్లున్నారు. సరైన ప్రశ్నే.

ఎందుకు ఇలా

నా అనుభవంలో తేలింది ఒక్కటే. ఈ కూటమిలో నియమం ఉల్లంఘించిన దేశానికి ఆ ఉల్లంఘన ఖర్చు పడదు. ఖర్చు పడేది వ్యాపారికి. అంతవరకు ఎన్ని ప్రొటోకాల్స్ రాసినా గేటు తాళంచెవి ఆయా రాజధానుల్లోనే ఉంటుంది.

పై స్థాయిలో నిర్ణయాలు ఏకాభిప్రాయంతో జరుగుతాయి. తప్పు చేసిన దేశం కూడా ఆ బల్ల దగ్గరే కూర్చుంటుంది. డబ్బు సంగతి ఇంకా విచిత్రం. సభ్య దేశాలు సమానంగా చందా కట్టాలన్నది మొదటి నుంచీ చాలా ఏళ్లు నడిచిన పద్ధతి. కెన్యా ఆర్థిక వ్యవస్థ 100 బిలియన్ డాలర్లు దాటింది, బురుండిది అందులో చాలా చిన్న భాగమే. అందరికీ ఒకే చందా అంటే పేద దేశాలు బాకీ పడటం ఖాయం, పడుతూనే ఉన్నాయి కూడా. డబ్బుల్లేక తూర్పు ఆఫ్రికా శాసనసభ సమావేశాలు ఆగిపోయిన సందర్భాలున్నాయి. చాలా కార్యక్రమాలు విదేశీ దాతల నిధులతో నడుస్తాయి. సిబ్బంది జీతాల గురించే టెన్షన్ పడే సచివాలయం ఒక అధ్యక్షుడిని నిలదీస్తుందని ఎవరూ అనుకోరు.

పైగా ఒకరి మీద ఒకరు ఆధారపడటమే తక్కువ. ఈఏసీ దేశాల మొత్తం వ్యాపారంలో తమలో తాము చేసుకునేది సుమారు 15 శాతం. యూరోపియన్ యూనియన్‌లో అది 60 శాతం దరిదాపుల్లో ఉంటుంది. అందరూ దాదాపు అవే పండిస్తారు, బయటికే అమ్ముతారు, బయటి నుంచే కొంటారు. జర్మనీ, ఫ్రాన్స్ తమ సరిహద్దు మూస్తే తమ ఫ్యాక్టరీలే ఆగిపోతాయి. గతునా మూస్తే కిగాలీలో ఏ పెద్ద ఫ్యాక్టరీ ఆగలేదు.

పాత చరిత్ర కూడా భుజాల మీద ఉంది. 1967లో కెన్యా, ఉగాండా, టాంజానియా కలిసి ఇదే పేరుతో ఒక కూటమి పెట్టుకున్నాయి. ఉమ్మడి రైల్వే, ఉమ్మడి విమాన సంస్థ, ఉమ్మడి రేవులు, తపాలా, అన్నీ ఉండేవి. ఒక విధంగా ఇవాళ్టికంటే ఎక్కువ కలిసి ఉన్నారు. లాభమంతా కెన్యాకే పోతోందని మిగతా ఇద్దరి ఫిర్యాదు. 1971లో ఉగాండాలో ఇదీ అమీన్ కుట్రతో అధికారం పట్టాక అతని పక్కన కూర్చోనని టాంజానియా అధ్యక్షుడు నైరెరె భీష్మించారు, అధినేతల సమావేశాలు ఆగిపోయాయి. 1977లో కూలిపోయింది. కెన్యా–టాంజానియా సరిహద్దు 1983 దాకా మూసే ఉంది. ఆస్తుల పంపకం 1984లో గానీ తేలలేదు. ఇప్పటి నాయకులు తమ చేతిలోని అధికారాన్ని అరూషాకు ఇవ్వడానికి అంత వెనకాడటానికి ఇదొక కారణం. అప్పుడు కూలగొట్టింది కూడా చేతిలో అధికారం ఉన్న నాయకులేనన్నది వేరే సంగతి.

గేటు తెరిచాక

2022 జనవరి 22న ముసెవెని కొడుకు, అప్పటి ఉగాండా సైన్యంలో పదాతి దళాల అధిపతి ముహూజి కైనెరుగాబా కిగాలీ వెళ్లి కగామెను కలిశారు. వారం తిరక్కుండానే ప్రకటన వచ్చింది, 31న గేటు ఎత్తారు. మూడేళ్లలో శిఖరాగ్ర సమావేశం, మంత్రుల మండలి, కోర్టు చేయలేని పని ఒక కుటుంబ సభ్యుడి ప్రయాణంతో అయింది. సంతోషించాం. అయితే అదే కారణంగా ఎక్కువ సంతోషించలేదు.

ఉగాండా సరుకు వెంటనే పాత స్థాయికి రాలేదు. మా డిస్ట్రిబ్యూటర్ మధ్యలో టాంజానియా సబ్బుకు మారాడు, బాకీ మాత్రం వాయిదాల్లో తీర్చాడు. మళ్లీ మొదటి నుంచి తిరగాల్సి వచ్చింది. కానీ ఈసారి వ్యాపారం కట్టిన తీరు మార్చాం. ఉగాండా ఫ్యాక్టరీ గేటు దగ్గరే సరుకు కొనుగోలుదారుడిదయ్యేలా కాంట్రాక్టు రాశాం, ధర కాస్త తగ్గించి. రవాణా, బోర్డర్ రిస్క్ అతనిది. కిగాలీ ప్రభుత్వం తలుపు వేస్తే దాని దెబ్బ కిగాలీ వ్యాపారికే తగలాలి, అప్పుడే లోపలి నుంచి అడిగేవాడు ఒకడుంటాడు. ఏ ఒక్క పక్క దేశానికీ ఉత్పత్తిలో పెద్ద భాగం పోకుండా యాజమాన్యం ఒక హద్దు పెట్టుకుంది. చెల్లింపులు డాలర్లలోనే, అప్పు గడువు తగ్గించాం. రెండు రాజధానుల మధ్య మాటలు ఎలా ఉన్నాయో ప్రతి నెలా సేల్స్ మీటింగ్‌లో ముందు చర్చిస్తారు, టార్గెట్లు తర్వాత. సేల్స్ వాళ్లకు మొదట్లో ఇది విడ్డూరంగా అనిపించింది.

ఇప్పుడు క్లయింట్ దృష్టి కాంగో మీద ఉంది. పెద్ద మార్కెట్, సబ్బు, నూనె రెండూ పోతాయి. 2022 జులై 11న కాంగో పూర్తి సభ్యదేశమైంది. దానికి సుమారు నెల ముందు, జూన్ 13న, ఉగాండా పక్కనున్న బునగానా బోర్డర్ పట్టణాన్ని ఎం23 తిరుగుబాటుదారులు పట్టుకున్నారు. కూటమి పంపిన సైన్యం 2022 నవంబర్‌లో వెళ్లింది, కాంగో రాజధాని కిన్షాసాకు నచ్చక 2023 డిసెంబర్‌లో తిరిగొచ్చింది. తూర్పు కాంగోలోని పెద్ద నగరాలు, 2025 జనవరిలో గోమా, ఫిబ్రవరిలో బుకావు, ఎం23 చేతిలోకి పోయాయి. వెనకున్నది రువాండానే అని కాంగో అంటుంది, రువాండా కాదంటుంది. ఇద్దరూ మన కూటమి సభ్యులే. బురుండి కూడా 2024 జనవరిలో రువాండాతో తన సరిహద్దు మూసేసింది.

గోమాలో అమ్మే ఒక పెద్ద వ్యాపారి ఈమధ్య మా ఫ్యాక్టరీకి ఆర్డర్ పెట్టాడు, నెలకు ఇన్ని లారీలని. యాజమాన్యం నన్నడిగింది, బునగానా మీదుగా పంపితే సుంకం ఎవరికి కట్టాలి, ఆ రసీదు కిన్షాసా ఒప్పుకుంటుందా అని. ఒప్పుకోదు. రేపు అదే కంపెనీ కిన్షాసా ప్రభుత్వం ఆధీనంలో ఉన్న మరో చోట అమ్మబోతే పాత సుంకం మళ్లీ అడుగుతారు, పెనాల్టీతో సహా. కాబట్టి ఆ ఆర్డర్ వద్దన్నాను. ఉత్తరాన మ్పోండ్వె–కసిండి బోర్డర్ మీదుగా బెని, బుతెంబో వైపు చిన్న మొత్తంలో, ముందు డబ్బు తీసుకుని మొదలుపెట్టమన్నాను. మొదటి బండి వచ్చే నెల లోడ్ అవుతుంది. సబ్బు మాత్రమే, నూనె తర్వాత చూద్దాం.